రంగం ఎల్లినోళ్ళు: ఒక ఇటలీ సినిమా, మన చరిత్రలో ఒక ఖాళీ

ఇటలీ దర్శకుడు ఎమనుయేలె క్రియాలెసె 2006లో ఒక సినిమా తీశాడు. పేరు 'న్యువోమోందో'. కొత్తలోకం అని అర్థం. ఇంగ్లీషు దేశాల్లో 'గోల్డెన్ డోర్' అనే పేరుతో ఆడింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో సిసిలీ దీవిలోని ఒక కొండపల్లె నుంచి సాల్వతోరె మంకూసో అనే చదువురాని రైతు తన ముసలి తల్లినీ ఇద్దరు కొడుకుల్నీ వెంటబెట్టుకుని అమెరికా బయల్దేరతాడు. పోవాలా మానాలా అని దేవుణ్ణి అడగడానికి తండ్రీకొడుకులు నోట్లో రాయి కరుచుకుని రాళ్ళగుట్ట ఎక్కడంతో కథ మొదలవుతుంది. జవాబుగా వాళ్ళ చేతికి కొన్ని ఫోటోలు వస్తాయి. డబ్బులు కాసే చెట్టు, మనిషి మోయలేనంత కూరగాయలు. అమెరికాలో పాలనదులు పారతాయని విన్నారు, నమ్మారు. ఉన్న గొడ్డూ గోదా ఇచ్చేసి, బూట్లూ బట్టలూ సంపాదించి ఓడెక్కారు.

ఆ పాలనది దేశాన్ని చూపిస్తాడని చివరిదాకా ఎదురుచూస్తాం. చూపించడు. ఓడ అడుగున కుక్కిన జనం, ఎల్లిస్ ద్వీపంలో బారులు, ఒళ్ళు తడిమే డాక్టర్లు, చెక్కముక్కలు పేర్చమనే తెలివి పరీక్షలు, కిటికీ బయట పొగమంచు. అంతవరకే. లోపలికి ఎవర్ని రానిస్తారు, ఆ మాట చెప్పే హక్కు ఎవరికుంది అన్నదే ఆ సినిమా అడిగే ప్రశ్న.

నాకు ఆ ప్రశ్న కొత్తది కాదు. శ్రీకాకుళం జిల్లాలో మా పేటలో మా మామ్మ ఒక మాట అంటుండేది. "మా అయ్య రంగం ఎల్లిపోనాడు. అప్పటికి నాను కడుపులో ఉన్నాను." రంగం అంటే రంగూన్. మా పక్క ముసలాళ్ళెవరూ దాన్ని రంగూన్ అనగా నేను వినలేదు. తర్వాత ఏమయిందే మామ్మా అని అడిగితే, "ఏటవుతాది? ఎల్లినోడు ఎల్లినట్టే" అనేది. ఆ మనిషికి ఫోటో లేదు, ఉత్తరం లేదు, చనిపోయిన తేదీ లేదు. యూనివర్సిటీకి వచ్చాక నేను లైబ్రరీల్లో వెతికాను. ఓడలు దొరికాయి. కంపెనీలు దొరికాయి. కమిషన్ రిపోర్టులు దొరికాయి. ఆయన దొరకలేదు.

ఎల్లిస్ ద్వీపం వలస కేంద్రంలో 1892 నుంచి 1954 దాకా సుమారు కోటీ ఇరవై లక్షల మంది దిగారు. ఓడ జాబితాలో ఒక్కొక్కరి పేరు, వయసు, సొంత ఊరు, చదువొచ్చా రాదా, చేతిలో ఎంత డబ్బుంది, ఎవరి దగ్గరికి పోతున్నారు, అన్నీ రాశారు. 1990లో అక్కడ మ్యూజియం తెరిచారు. సిసిలీ కూలివాడి మునిమనవడు ఇవాళ పేరు కొడితే ముత్తాత ఏ ఓడలో వచ్చాడో తెలుసుకోగలడు. మా ముత్తాత పేరు కొడితే ఏమీ రాదు. ఇద్దరూ పేదవాళ్ళే, ఇద్దరూ ఓడెక్కినవాళ్ళే. ఒకడి పేరు మిగిలి ఇంకొకడి పేరు ఎందుకు మిగల్లేదు? ఆ ప్రశ్నను పట్టుకుని మన తీరం నుంచి సాగిన రంగం వలసను, అందులో దళితుల భాగాన్ని మళ్ళీ చదవాలి.

న్యూయార్క్‌ను మించిన రేవు

ఇంగ్లీషువాళ్ళు బర్మాను మూడు యుద్ధాల్లో మింగారు. 1826లో అరకాన్, తెనసెరిం తీరాలు. 1852లో రంగూన్‌తో సహా దిగువ బర్మా. 1885లో మిగిలినదంతా. 1869లో సూయజ్ కాలువ తెరిచాక ఐరోపాకు బియ్యం పంపడం సులువయింది. ఐరావతి డెల్టాలో అడవి నరికి వరి వేశారు. రంగూన్ చుట్టూ బియ్యం మిల్లులు లేచాయి. మిల్లులో బస్తా మోయాలి, రేవులో ఓడ నింపాలి, ఊరి మురుగు ఎత్తాలి. ఆ పనికి తక్కువ కూలికి దొరికే మనుషులు కావాలి. ఆ మనుషులు బంగాళాఖాతానికి ఈ ఒడ్డున ఉన్నారు.

ఈ ఒడ్డున ఏముంది? 1802 శాశ్వత శిస్తు ఒప్పందంతో భూమంతా జమీందార్ల చేతికి పోయింది. విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి, సాలూరు, కురుపాం, ఎవరి ఏలుబడిలో చూసినా మాలలకూ పైడిలకూ రెల్లివాళ్ళకూ సెంటు భూమి ఉండడం అరుదు. ఉన్నది కంబారితనం. ఏడాదికి ఇంత గింజ అని మాట్లాడుకుని కామందు ఇంట పగలూ రాత్రీ చాకిరీ చెయ్యడం. చోడి అంబలే తిండి. దానికి తోడు కరువులు. 1866లో ఒరిస్సాను తుడిచిపెట్టిన కరువు గంజాంనూ తాకింది. 1889లో గంజాంకి మళ్ళీ వచ్చింది. 1896-97లో దేశమంతా కమ్మిన కరువు ఈ తీరాన్నీ వదల్లేదు. కరువులో ముందు చచ్చేది గాదె లేనివాడు. ఊరి చివర పేటల్లో గాదెలు లేవు.

ఇక్కడ ఒక సంగతి. ఇచ్ఛాపురం, టెక్కలి, శ్రీకాకుళం ప్రాంతాలు అప్పుడు గంజాం జిల్లాలో ఉండేవి. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఇవి విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో పుట్టాయి. కాబట్టి పాత కాగితాల్లో మన పల్లెల కోసం వెతికేవాళ్ళు గంజాం, విశాఖపట్నం పేర్ల కింద చూడాలి.

బారువ, కలింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం. ఇవీ మన రేవులు. విశాఖలో హార్బరు 1933లోగాని తెరవలేదు. అంతకుముందు స్టీమరు నడిసంద్రంలో ఆగేది. మేకు కొట్టకుండా కొబ్బరితాడుతో పలకలు కుట్టిన మసూలా పడవలో జనాన్ని అలల మీంచి అక్కడికి చేర్చేవారు. స్టీమర్లు ఎక్కువగా బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీవి. కలకత్తా-రంగూన్ టపా మొయ్యడానికి 1856లో మొదలై, 1862లో ఈ పేరు పెట్టుకున్న కంపెనీ అది. కూలీలు డెక్కు మీద పోయేవారు. ఎండకు ఎండి వానకు తడిసి, మూటలూ కుండలూ పక్కన పెట్టుకుని.

1931 జనగణన నాటికి బర్మాలో భారతీయులు 10,17,825 మంది. అందులో తెలుగువాళ్ళు సుమారు లక్షా అరవై వేలు. రంగూన్ నగర జనాభా నాలుగు లక్షలు, సగానికి పైగా భారతీయులే. 1924లో అమెరికా కోటా చట్టం చేసి ఇటలీవాళ్ళకు దాదాపు తలుపు మూసింది. సరిగ్గా ఆ ఏళ్ళలోనే రంగం రేవులో జనం పోటెత్తారు. 1920ల చివర్లో ఏడాదికి నాలుగు లక్షలకు పైగా భారతీయులు బర్మాలో దిగారు. అప్పుడు న్యూయార్క్‌ను మించిన వలస రేవు రంగమేనని చరిత్రకారులు రాశారు. న్యూయార్క్ రేవు మీద ఎన్ని సినిమాలు, ఎన్ని నవలలు! రంగం రేవు మీద మన పేటలవాళ్ళ కథ చెప్పిన సినిమా నేనెరిగినంతలో ఒక్కటీ లేదు.

పేరు రాయని వలస

ఫిజీకి, నాతాల్‌కి, మారిషస్‌కి పోయిన కూలీలది ఒప్పంద కూలి. ఐదేళ్ళు కట్టుబడి చెయ్యాలి. బానిసతనం పోయాక తెల్ల తోటల యజమానులు దానికి బదులు కనిపెట్టిన పద్ధతి అది. అందులో ఘోరాలు తక్కువేం కాదు. కానీ ఒప్పందం అంటే కాగితం. ఆ కాగితం మీద కూలీ పేరు, తండ్రి పేరు, ఊరు, తాలూకా, కులం, ఒంటి మీది మచ్చ రాసేవారు. అందుకే దక్షిణాఫ్రికా తెలుగువాళ్ళు ఇవాళ తమ మూలం వెతుక్కుంటూ మన జిల్లాలకు రాగలుగుతున్నారు.

బర్మా సంగతి వేరు. 1937 దాకా బర్మా పరిపాలన లెక్కల్లో భారతదేశంలోనే ఒక రాష్ట్రం. కలింగపట్నం నుంచి రంగం పోవడమంటే కాగితం మీద ఇంటి లోపల ఒక గది నుంచి ఇంకో గదికి పోవడం. పాస్‌పోర్టు అక్కర్లేదు, ఒప్పందం అక్కర్లేదు. కూలీల బాగోగులు చూసే అధికారి కూడా అక్కర్లేదు. దీన్ని 'స్వేచ్ఛా వలస' అన్నారు. డెక్కు మీద ఎన్ని తలకాయలో లెక్కపెట్టారు. తలకాయలకు పేర్లు రాయలేదు.

స్వేచ్ఛ ఎంతో చూడాలంటే మేస్త్రిని చూడాలి. మేస్త్రి మన ఊరివాడో పక్క ఊరివాడో. పంటలైపోయి చేతిలో పని లేని రోజుల్లో పేటకి వచ్చేవాడు. టికెట్టు డబ్బులు పెట్టేవాడు, ఇంట్లో ఇచ్చిపోవడానికి కొంత బయానా ఇచ్చేవాడు. రంగంలో దిగిన రోజు నుంచీ ఆ అప్పు వడ్డీతో పెరిగేది. కంపెనీ కూలి ఇచ్చేది కంట్రాక్టరుకి. కంట్రాక్టరు నుంచి పెద్ద మేస్త్రికి, అక్కణ్ణుంచి చిన్న మేస్త్రికి, చివరికి కూలీకి. ఒక్కో చెయ్యి దాటేసరికి కొంత తెగేది. కూలి నెలల తరబడి ఆపేసి, ఆ మధ్యలో తిండికి మేస్త్రే అప్పిచ్చేవాడు. విట్లీ అధ్యక్షతన వేసిన రాయల్ లేబర్ కమిషన్ 1931 నివేదికలో బర్మా కూలీల గురించి, రంగూన్ ఇరుకు గదుల గురించి రాసింది. 1933లో ఇ.జె.ఎల్. ఆండ్రూ అనే అధికారి, అదే ఏడాది ఎ. నారాయణరావు, ఇద్దరూ ఈ మేస్త్రి పద్ధతి మీద పుస్తకాలు రాశారు. చట్టం లేదని కాదు, తెలియదని కాదు. ఆపితే బియ్యం వ్యాపారానికి నష్టం.

అమెరికా పోయిన ఇటలీ కూలీలకూ ఇలాంటి మేస్త్రి ఉండేవాడు. 'పద్రోనె' అనేవారు. సొంత ఊరివాడే, భాష తెలిసినవాడే, పని చూపిస్తానని చెప్పి కూలిలో కోత పెట్టేవాడే. 1885లో అమెరికా ముందే ఒప్పందం చేసుకున్న కూలీలను తేకూడదని చట్టం చేసింది. అమల్లో లొసుగులు ఎన్నున్నా ఆ చట్టం ఒక మాట ఒప్పుకుంది, ఇది కట్టుబానిసతనమని. మన దగ్గర ఆ మాట ఒప్పుకోడానికి కూడా దొర సిద్ధపడలేదు. 'వాళ్ళు ఇష్టపడే వస్తున్నారు' అన్నాడు.

సముద్రం కడగని కులం

సముద్రం దాటితే కులం పోతుందని శాస్త్రం. పోగొట్టుకోడానికి భయపడేటంత కులం ఉన్నవాడికి ఆ భయం. మనవాళ్ళకు పోతే బాగుండును. పోలేదు.

రంగంలో పని పంపకం చూడండి. రేవు పనీ, మిల్లు పనీ ముఠాల్లో సాగేది. ముఠాను కట్టేది మేస్త్రి. మేస్త్రి తన కులంవాళ్ళను, తన ఊరివాళ్ళను తీసుకునేవాడు. రంగూన్‌లో రిక్షాను 'లంచా' అనేవారు, దాన్ని లాగింది ఎక్కువగా తెలుగువాళ్ళే. ఇక మునిసిపాలిటీ పాకీ పని, వీధులూడ్చే పని. అందులో తెలుగు అంటరాని కులాలవాళ్ళు పెద్ద సంఖ్యలో ఉండేవారు. ఊళ్ళో చచ్చిన గొడ్డును ఎత్తినవాడు రంగంలో దొడ్డి తట్ట ఎత్తాడు. ఓడ మారింది, సముద్రం మారింది, రాజ్యం మారింది, తట్ట మారలేదు. దొరకు ఈ పంపకం హాయిగానే ఉంది. ఏ పని ఎవరు చేస్తారో వెతుక్కోనక్కర్లేదు, మనువే ముందుగా జాబితా తయారుచేసి పెట్టాడు.

బర్మా జనగణన మనవాళ్ళను 'జాతి' కింద లెక్కగట్టింది. తెలుగు, అరవ, ఒడియా, చిట్టగాంగు అని. ఆ పట్టికలో లంచా లాగేవాడూ మేస్త్రీ ఇద్దరూ 'తెలుగులు' అన్న ఒక్క గడిలోనే ఉన్నారు. తర్వాత చరిత్ర రాసిన మనవాళ్ళకూ ఆ గడే చాలింది. 'విదేశాంధ్రుల కష్టాలు' అని రాసుకున్నారు. అందరి కష్టమూ ఒకటి కాదని, ఒకే బ్యారక్కులో కూడా నీళ్ళ కుండలు వేరుగా ఉన్నాయా అని అడగలేదు. బర్మీయులు మాత్రం అందర్నీ ఒకే పేరుతో పిలిచారు. కోరంగి అని. కాకినాడ దగ్గర గోదావరి పాయ మీది పాత రేవు పేరు అది. 1839 తుపానులో ఆ రేవు దెబ్బతింది. పేరు మాత్రం సముద్రం దాటి, తెలుగు కూలీని ఈసడించే మాటగా రంగం వీధుల్లో బతికింది.

ఇంతమాత్రాన రంగం అంతా నరకమని రాస్తే అది కూడా అబద్ధమే. కంబారికి ఏడాదికి ఇచ్చేది గింజ. రంగంలో చేతికొచ్చేది రూపాయి, మేస్త్రి కోసుకోగా మిగిలినంతే అయినా. పొద్దున్నే కామందు గుమ్మం ముందు నిలబడక్కర్లేదు. మనియార్డరు పేటకి వచ్చిన రోజున పోస్టు బంట్రోతు ఊరి చివరిదాకా నడవాల్సి వచ్చింది. రంగం డబ్బుతో గుడిసె పీకి పెంకుటిల్లు వేసినవాళ్ళ ఊసులు, పిల్లణ్ణి బడికి పంపినవాళ్ళ ఊసులు మా పేటల్లో ఇప్పటికీ వినిపిస్తాయి. ఆ కాలంలోనే కెనడియన్ బాప్టిస్టు మిషన్ బొబ్బిలి, పాలకొండ, శ్రీకాకుళం, టెక్కలి వైపు బడులు పెట్టింది. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన సభలో మనవాళ్ళు పంచమ అనే పేరు తోసేసి ఆది ఆంధ్రులమని చెప్పుకున్నారు. బడి, బైబిలు, మనియార్డరు, కొత్త పేరు, ఇవన్నీ దగ్గర దగ్గర ఏళ్ళలోనే మన పల్లెలకు చేరాయి. వేరు వేరు అధ్యాయాల్లో కాక వీటిని ఒకచోట పెట్టి చదివితే, దళిత చైతన్యంలో రంగం కూలి రూపాయికి ఎంత పాలుందో తేలుతుంది. ఆ పని ఇంకా జరగాల్సే ఉంది.

ఆడవాళ్ళ సంగతి ఇంకొకటి. రంగం పోయినవాళ్ళలో మగవాళ్ళే చాలా ఎక్కువ. సినిమాలో ముసలి ఫోర్చునాతా కొడుకుతో పాటు ఎల్లిస్ ద్వీపం దాకా వస్తుంది. నన్ను పరీక్షించడానికి మీరెవరు అని ఎదురు తిరుగుతుంది. లూసీ అనే ఇంగ్లీషు యువతిని మగతోడు లేకుండా లోపలికి రానివ్వరు కాబట్టి ఆమె పెళ్ళి మాట్లాడుకుంటుంది. మన ఆడవాళ్ళు రేవు దాకా కూడా రాలేదు. వాళ్ళు ఇక్కడే నాట్లు వేశారు, కోతలు కోశారు, మేస్త్రి అప్పుకి జవాబు చెప్పారు. మొగుడు ఉన్నాడో లేడో తెలియక, తాళి ఉంచుకోవాలో తియ్యాలో తెలియక ముసలివాళ్ళయ్యారు. మా మామ్మ తల్లి చచ్చేదాకా బొట్టు పెట్టుకుందని చెప్పేది మామ్మ. ఎవరూ చచ్చిపోయాడని కబురు తేలేదు కదా.

1930 మే నెల

1930 మే 5న గాంధీ అరెస్టయ్యాడు. ఆ రోజే పెగూలో పెద్ద భూకంపం వచ్చింది, రంగూన్ కూడా కంపించింది. మే 8న రేవులో ఓడలు నింపే తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు ఏం చేశాయి? బర్మీయ కూలీలను పెట్టుకున్నాయి. కొద్దివారాల్లో సమ్మె సర్దుబాటయి కొద్దిగా కూలి పెరిగింది. మే 26 పొద్దున తెలుగువాళ్ళు పనికి తిరిగొచ్చారు. ఈ సంగతి తెలియక పనికి వచ్చిన బర్మీయుల్ని పొమ్మన్నారు. అక్కడ మాటామాటా పెరిగింది. కత్తులు లేచాయి. రోజుల తరబడి రంగూన్ వీధుల్లో 'కోరంగి' కనిపిస్తే నరికారు. చచ్చినవాళ్ళు వందకు పైన, దెబ్బలు తిన్నవాళ్ళు వందల్లో.

ఇక్కడ మనం జాగ్రత్తగా మాట్లాడాలి. బర్మీయుల్ని రాక్షసులుగా చూపిస్తే దొరకు మేలు చేసినట్టే. బర్మా రైతు పరిస్థితి అప్పటికే చితికిపోయింది. వడ్డీ వ్యాపారుల చేతికి, ముఖ్యంగా చెట్టియార్ల చేతికి, డెల్టా పొలాలు పోతున్నాయి. బియ్యం ధర పడిపోయి ఆ ఏడాది డిసెంబరులో సయా సాన్ నాయకత్వంలో రైతులు తిరగబడ్డారు. భూమి పోయిన బర్మీయుడు పట్నం వస్తే అక్కడ పని 'కోరంగి' చేతిలో ఉంది. అప్పిచ్చినవాడూ భారతీయుడే, బస్తా మోసేవాడూ భారతీయుడే. కోపం మాత్రం వీధిలో దొరికినవాడి మీద, అంటే బస్తా మోసేవాడి మీద పడింది. షాపులు, మేడలు ఉన్నవాడికి తలుపులున్నాయి. లంచా లాగేవాడికి తలుపేది?

ఇటలీవాళ్ళకూ ఇలాంటి రోజు ఉంది. 1891లో న్యూ ఓర్లియన్స్‌లో గుంపు జైలు మీద పడి పదకొండుమంది ఇటలీవాళ్ళను చంపింది. 1911లో అమెరికా వలస కమిషన్ ఉత్తర ఇటలీవాళ్ళు వేరు, దక్షిణ ఇటలీవాళ్ళు వేరు అని రెండు జాతులుగా రాసింది. సిసిలీవాళ్ళను నల్లవాళ్ళకు దగ్గరివాళ్ళుగా చూశారు. అయితే ఆ తర్వాత జరిగింది గమనించాలి. రెండు మూడు తరాల్లో వాళ్ళు తెల్లవాళ్ళలో కలిసిపోయారు. మేయర్లయ్యారు, జడ్జీలయ్యారు, సినిమాలు తీశారు. వాళ్ళ మీద వేసిన ముద్ర చెరిగింది, ఎందుకంటే అది అమెరికాలో వేసింది. మన ముద్ర ఊళ్ళోనే వేసి ఓడెక్కించారు.

నడిచి వచ్చినవాళ్ళు, రానివాళ్ళు

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 25న మళ్ళీ వేశాయి. రేవు దగ్గరి కూలీవాడలే ముందు కాలాయి. జనం ప్రోమ్ దారి పట్టారు. రేవు ఆగిపోతుందని ప్రభుత్వం చాలామందిని దారిలో ఆపి వెనక్కి తెచ్చింది. కూలీలు లేకపోతే యుద్ధ సరుకు దింపేదెవరు, పాకీవాళ్ళు లేకపోతే ఊరు కంపు కొడుతుంది కదా. దొరల కుటుంబాలకు ఓడలు, విమానాలు ఉన్నాయి. డెక్కు టికెట్టు వాళ్ళకు ఆ ఓడల్లో చోటు దొరకడం కష్టమయింది. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ చేతికి పోయింది.

మిగిలినవాళ్ళు నడిచారు. కొందరు ప్రోమ్ నుంచి తౌంగుప్ కొండదారిన అక్యాబుకి, అక్కణ్ణుంచి చిట్టగాంగుకి. కొందరు పైకి పోయి తమూ మీదుగా ఇంఫాల్, దిమాపూర్. నాలుగైదు లక్షల మంది అలా భారతదేశం చేరారు. కలరా, మలేరియా, ఆకలి, వాన. చచ్చినవాళ్ళ లెక్క పదివేలని ఒకరు, లక్షకు దగ్గరని ఒకరు చెప్తారు. పేరు రాయని వలసలో చావుకీ పేరు ఉండదు. ఆ దారిలో కూడా తెల్లవాళ్ళకు వేరు మజిలీలు, నల్లవాళ్ళకు వేరు మజిలీలు. నడిచి ఇల్లు చేరినవాళ్ళకు ఇక్కడ ఏం దొరికింది? 1942 ఏప్రిల్ 6న అదే జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. బర్మా బియ్యం రావడం ఆగి ధరలు మండాయి. వాళ్ళు తిరిగి వచ్చింది ఏ కామందు గుమ్మం విడిచి పోయారో ఆ గుమ్మానికే.

యుద్ధం తర్వాత కొందరు మళ్ళీ రంగం పోయారు. 1962లో నే విన్ సైనిక పాలన వచ్చింది. దుకాణాలు జాతీయం చేశారు, 1964లో 50, 100 చాట్ నోట్లు రద్దు చేశారు. లక్షల మంది భారతీయులు కట్టుబట్టలతో వెనక్కి వచ్చారు. విశాఖపట్నం కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు ఆ రాకకు గుర్తు. ఆ బస్టాపులో దిగే కుర్రవాళ్ళలో ఎంతమందికి ఆ పేరు వెనక సంగతి తెలుసు?

బంగారు తలుపు ఎవరికి

1917లో అమెరికా చట్టం చేసింది. చదవడం రానివాళ్ళను రానివ్వకూడదని, ఆసియాలో ఒక గీత గీసి ఆ గీత లోపలివాళ్ళను అసలే రానివ్వకూడదని. ఆ గీత లోపల మనమూ ఉన్నాం. 1923లో భగత్‌సింగ్ థింద్ అనే పంజాబీ అక్కడి సుప్రీంకోర్టులో పౌరసత్వం కోసం వాదించాడు. ఆయన తరపు వాదన దళితులు తప్పక చదవాల్సింది. మేం ఆర్యులం, పెద్ద కులంవాళ్ళం, అమెరికా తెల్లవాడు నీగ్రోను ఎలా చూస్తాడో మేం మా దేశపు ఆదిమ జాతుల్ని అలాగే చూస్తాం, కాబట్టి మేమూ తెల్లవాళ్ళమే అని. కోర్టు ఒప్పుకోలేదు. కేసు ఓడిపోయింది, వాదన మాత్రం చావలేదు. తలుపు దగ్గర నిలబడినప్పుడు కూడా కింద ఒకణ్ణి తొక్కి చూపిస్తేనే తలుపు తీస్తారని నమ్మినవాళ్ళ వాదన అది.

1965లో అమెరికా చట్టం మార్చింది. ఈసారి తలుపు డాక్టరుకి, ఇంజనీరుకి తెరిచారు. మన రాష్ట్రంలో అప్పటికి డాక్టర్లు, ఇంజనీర్లు ఏ కులాలవాళ్ళో చెప్పక్కర్లేదు. తెలుగు వలస చరిత్ర అంటే అమెరికా తెలుగువాళ్ళ చరిత్రే అన్నట్టు తయారయింది. రంగం ఎల్లినోళ్ళు ఆ చరిత్రలో ముందుమాటకైనా నోచుకోలేదు. ఆ అమెరికాలోనే 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధిస్తూ చట్టం చేయాల్సి వచ్చింది. సముద్రం కులాన్ని కడగదని రంగం పాకీవాడికి ఎప్పుడో తెలుసు. సియాటిల్‌కి వందేళ్ళ తర్వాత తెలిసింది.

వలస కూడా ఆగలేదు. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో కడుతున్న పదకొండు అంతస్తుల మేడ కూలి 61 మంది చచ్చిపోయారు. వాళ్ళలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కూలీలు. వాళ్ళను తీసుకుపోయింది ఎవరు? మేస్త్రి. మాట కూడా మారలేదు. ఎవరు ఏ ఊరినుంచి వచ్చారో జాబితా కోసం అధికారులు వెతుక్కున్నారు. కలింగపట్నం డెక్కు మీద రాయని జాబితా మౌలివాక్కంలోనూ సరిగ్గా లేదు.

క్రియాలెసె సినిమా చివర్లో సాల్వతోరె వాళ్ళు పాలనదిలో ఈదుతారు. అది కలో నిజమో చెప్పడు. కల కనడానికి కూడా ఒక ఆధారం ఉండాలి. ముత్తాత పేరు రాసిన పుస్తకం ఉన్న జాతి కాబట్టి అతను ఆ సినిమా తియ్యగలిగాడు. మనకు పుస్తకం లేదు. కానీ వేరే ఆధారాలు ఉన్నాయి. ఇంట్లో మూల పడున్న రంగం పెట్టె, మనియార్డరు చీటీ, 'రంగంవోళ్ళు' అని పిలిచే ఇంటిపేరు, బొట్టు తియ్యని మామ్మల ఊసులు. వీటిని చరిత్రకు ఆధారాలు కావని యూనివర్సిటీ పెద్దలు అంటారు. వాళ్ళు ఆధారం అనే కాగితాన్ని మనకు రాయనివాళ్ళు ఎవరో ముందు చెప్పమనాలి.

1942లో నడిచి వచ్చిన పిల్లలు ఎవరైనా మిగిలుంటే వాళ్ళకి ఇప్పుడు ఎనభై దాటి ఉంటాయి. ఈ వ్యాసం చదివిన మన కుర్రవాళ్ళు ఈ సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు పేటలో పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని ఒక్క ప్రశ్న అడగాలి. మన పేటలో రంగం ఎల్లింది ఎవరు, తిరిగొచ్చింది ఎవరు అని. పేరు, ఏ రేవు, ఏ మేస్త్రి, ఏ పని, చెప్పినంత రాసుకోవాలి. వంద పేటల్లో రాస్తే అది మన ఎల్లిస్ ద్వీపం పుస్తకం అవుతుంది.

నేను ఆ ప్రశ్న అడగడానికి ఆలస్యం చేశాను. మామ్మ పోయాక నాకు తట్టింది, వాళ్ళ అయ్య పేరు ఏమిటని ఒక్కసారి కూడా అడగలేదని. ఆమె ఎప్పుడూ 'మా అయ్య' అనే అంది.